మద్నూరులో దాచిన పాఠాలు

మొన్న ఫోను మొరాయిస్తే బాన్సువాడ బస్టాండు దగ్గరి దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడ కూర్చున్న అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లోపల చోటంతా నిండిపోయిందనీ, మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాలనీ చెప్పి, "బ్యాకప్ ఎక్కడ పెట్టుకున్నరు ఆంటీ?" అని అడిగింది. నేను ఏ ధ్యాసలో ఉన్నానో ఏమో, "మద్నూరులో" అనేశాను. ఆ పిల్ల ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని, ఇంటికి తిరిగొస్తూ ఆటోలో కూర్చున్నాక కళ్లు తడిశాయి. ఆ మాట ఎందుకు నోట్లోంచి ఊడిపడిందో ఆ అమ్మాయికి చెప్పే వీలు లేదు. నా ఈడువాళ్లు మీరైతే కాస్త తీరిగ్గా వింటారు.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి బాన్సువాడ దగ్గర కాలువ కింద పొలం కొన్నప్పుడు నాకు నాలుగేళ్లు. ఇక్కడే పెరిగాను, ఇక్కడే చదివాను, పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పిందీ ఇక్కడే. విచిత్రమేమిటంటే నన్ను చేసుకున్నాయన లెక్కల మాస్టారు. ఈ ప్రాంతపు రైతు కుటుంబం వాళ్లది. మా పెళ్లికి ఇరువైపులా కొంత గొణుగుడు నడిచింది; వాళ్ల మాట మాకూ, మా మాట వాళ్లకూ వింతగా ఉండేది. కాని నాకు ఆయనలో మొదట నచ్చింది ఆ మాటే. బిచ్కుంద బడిలో ఆయన పాఠం చెబుతుంటే మూడు గదుల అవతల ఉన్న పిల్లలు కూడా తమ పాఠం మాని వినేవారని తోటి ఉపాధ్యాయులు ఎప్పుడూ దెప్పేవారు. గొంతు పెద్దది కావడం ఒక్కటే కాదు, చెప్పే తీరులో ఏదో చనువుండేది. ఒక త్రిభుజం గురించి చెబుతున్నా పక్కింటి మనిషి సంగతి చెబుతున్నట్టే ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన రెండు మూడేళ్లకు ఆ గొంతు బొంగురుపోయింది. సుద్దముక్కల దుమ్ము వల్లేనని మా అత్తమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చింది. నెలలు గడిచినా తగ్గకపోతే నిజామాబాదు, అక్కడి నుంచి హైదరాబాదు వెళ్లాం. పెద్ద డాక్టరు గొంతులో క్యాన్సర్ ఉందనీ, స్వరపేటిక తీసేయాలనీ అన్నాడు. ప్రాణానికి భయం లేదు, ఆలస్యం చేయనంతవరకూ. మాట మాత్రం ఉండదు. ఇంకో మూడు వారాల్లో ఆపరేషన్ అని చెప్పాక ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "మార్చిలో పదో తరగతి పిల్లలకు పరీక్షలున్నయి సార్, సిలబస్ సగం కూడా కాలే. ఎట్ల?" నేను ఆయన మీద కోపం తెచ్చుకున్నాను. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్లు. ఆ పిల్లను తలచుకోకుండా బడిపిల్లలను తలచుకున్నారని.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. మిగిలిన పాఠాలన్నీ ముందే చెప్పి రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత ఆ గొంతు వినిపిస్తూ తాను బోర్డు మీద రాయవచ్చునని. మా నాన్న విని, టేపు రికార్డరు ఉండగా వేరే ఏర్పాటెందుకన్నాడు. కాని క్యాసెట్‌లో ఒక లెక్క దగ్గరికి వెళ్లాలంటే వెనక్కీ ముందుకూ తిప్పుకుంటూ కూర్చోవాలి, టేపు చుట్టుకుపోతే అంతే సంగతులు. కంప్యూటర్ అయితే ఒక్కొక్క లెక్కనూ విడిగా పెట్టుకోవచ్చు, నొక్కితే పలుకుతుంది, నొక్కితే ఆగుతుంది. అప్పటికి మా వీధిలో ఎవరింట్లోనూ కంప్యూటర్ లేదు. పాప పుట్టిన కొత్తలో కట్టడం మొదలుపెట్టిన చీటీ సరిగ్గా అప్పుడే చేతికి రావడం మా అదృష్టం.

నిజామాబాదు దుకాణం అతను ఒక కాగితం మీద మూడు రకాలు రాసిచ్చాడు. పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి పెట్టించుకోవడం. లేదంటే చిన్నవి రెండు పెట్టించుకుని ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లోకి ఎక్కించుకోవడం. లేదంటే చిన్నది ఒకటీ, దానితో సీడీలు రాసే యంత్రం ఒకటీ. మూడింట్లో ఏదో ఒకటే మా స్తోమతకు తగ్గది. ఫ్లాపీలు అయితే మరీ చిన్నవి, ఆయన గొంతు ఒక నిమిషం కూడా పట్టదని నవ్వాడు. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి వరండాలో పెట్టుకుని రెండు రోజులు వాదించుకున్నాం. మావారు పెద్ద డిస్క్ కావాలన్నారు. రెండు చిన్నవి ఉంటే ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని నేనన్నాను. గొంతు వాడకూడదని డాక్టరు చెప్పాడు గనుక ఆయన తన వాదనంతా నోటుపుస్తకంలో రాసేవారు, నేను నోటితో జవాబు చెప్పేదాన్ని. వింటున్నవాళ్లకు నేనొక్కదాన్నే పోట్లాడుతున్నట్టు ఉండేది.

అత్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది. చదువు లేని మనిషి, కంప్యూటర్ అంటే టీవీకి తమ్ముడనుకునేది. రెండో రోజు చేట పక్కన పెట్టి అడిగింది.

"గా రెండు డబ్బలు యాడ పెడ్తరు బిడ్డా?"

రెండూ ఒకే పెట్టెలో, పక్కపక్కనే ఉంటాయని చెప్పాను.

"గదేంది! పక్కపక్కన్నే పెడ్తే ఎలుక జొర్రినప్పుడు రెండూ కొట్టదా? మేం విత్తనం వడ్లు సగం ఇంట్ల పెట్టుకుంటం, సగం బిడ్డ ఇంటికి పంపుతం. ఇల్లు కాలినా విత్తనం మిగలాలె గదా. గా సీడీలో ఏందో, అవైతే వేరే ఊరికి తీస్కపోవచ్చునా?"

తీసుకుపోవచ్చు అన్నాను.

"మరింకేంది. మద్నూరుల మీ వదిన లేదా?"

మావారు నోటుపుస్తకం మూసేశారు. అలా ఆ వాదన ముగిసి, చిన్న హార్డ్ డిస్క్, సీడీ రైటరు మా ఇంటికి వచ్చాయి. కరెంటు ఎక్కువ తక్కువలు తట్టుకునే యూపీఎస్ కూడా తీసుకోమని దుకాణం అతను చెప్పాడు గాని, అది మరుసటి ఏడాది చూద్దామనుకున్నాం.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. దుకాణం అతను వచ్చి అన్నీ బిగించాక, ధ్వనిని కుదించి దాస్తే ఒకే సీడీలో పది గంటల పాఠాలు పడతాయనీ, కుదించకపోతే గంటకు కొంచెం పైమాటనీ చెప్పాడు. కుదిస్తే ఏం పోతుందని అడిగాను. "గొంతుల జరంత పోతది అక్కా, ఎవ్వరికీ తెల్వది" అన్నాడు. నాకు తెలుస్తుంది అన్నాను. అప్పటికే ఆ గొంతు సగం అరిగిపోయింది. ఉన్న ఆ కాస్తలో మళ్లీ కొంత యంత్రానికి వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఒక్క ఏడాది ముందు ఈ కంప్యూటర్ కొని ఉంటే అసలు గొంతే దొరికేది కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. చివరికి కుదించకుండానే దాచుకున్నాం.

రికార్డింగు పొద్దున్నే, వీధి చివరి రైస్ మిల్లు మొదలుకాక ముందు. రోజూ ముప్పావుగంట, అంతకుమించి ఆయన గొంతు సాగేది కాదు. కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్లం. ముందు రోజే ప్రతి మాటా నోటుపుస్తకంలో రాసుకునేవారు, ఒక్క పదం కూడా వృథా కాకుండా. మౌస్ పట్టుకోవడం నా పని. మొదటి రోజు యంత్రం పనిచేస్తుందో లేదో చూడటానికి ఏదో ఒకటి మాట్లాడమన్నాను. ఆయన మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుని, "ఆఁ, వినబడ్తుందా? అమ్మా, చాయ అయ్యిందా లేదా? బిడ్డ ఏడున్నది, నిద్ర లేసిందా?" అన్నారు. లోపలి నుంచి మా అమ్మాయి 'నానా' అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. అది కూడా పడింది. తీసేద్దామా అంటే ఆయన వద్దని తల ఊపారు. నేను మాత్రం పాప పెద్దయ్యాక వినడానికి నాలుగు మాటలు విడిగా చెప్పమని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. "నేను సస్తున్ననా ఏంది, అప్పగింతలు చెప్పనీకి? నా బిడ్డకు నేనే చెప్పుకుంట" అన్నారు. ఎలా చెబుతారని నేను అడగలేదు.

ఆపరేషన్‌కు వెళ్లే ముందు రోజుకు పదకొండు సీడీలయ్యాయి. ఒక్కొక్కటి రాస్తున్నంతసేపూ కరెంటు పోకూడదని అత్తమ్మ దేవుడి గూటి ముందు నిలబడేది. మధ్యలో పోతే ఆ సీడీ పారేయవలసిందే. వాటిని మిఠాయి డబ్బాలో పేర్చి, పాత పంచెలో చుట్టి, మద్నూరు నుంచి తమ్ముణ్ణి చూడటానికి వచ్చిన వదిన చేతికిచ్చాం. ఇంట్లో ఉంచుకోవడానికి ఇంకో పదకొండు రాద్దామనుకున్నాం గాని, ఆస్పత్రి హడావుడిలో ఆ పని రేపు మాపంటూ వెనకబడిపోయింది.

ఆయన తిరిగొచ్చారు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద పలచని గుడ్డ. నోరు కదిలేది, శబ్దం వచ్చేది కాదు. మొదటి పది రోజులు ఎవరి మొహమూ చూడలేదు. ఆ తర్వాత ఒక ఆదివారం పదో తరగతి పిల్లలు బిచ్కుంద నుంచి బస్సులో, సైకిళ్ల మీద మా ఇంటికొచ్చారు. వరండాలో చాపలు పరిచాం. గోడకు బోర్డు ఆనించాం. నేను గుమ్మంలో కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ నొక్కాను. "ఆఁ, ఇగ సూడుండ్రి" అని ఆయన గొంతు పెట్టెలోంచి వచ్చింది, ఆయన చెయ్యి బోర్డు మీద కదిలింది. ఒక ఆడపిల్ల ఏడ్చేసింది. ఆయన సుద్దముక్కతో బోర్డు మీద టకటకా కొట్టి లెక్క వైపు చూపించారు. అలా ప్రతి ఆదివారం. బడిలో ఆయన్ను కూర్చుని చేసే పనికి మార్చారు, కాని ఆదివారం మాత్రం మా వరండా బడి.

ఫిబ్రవరిలో యాసంగి వరి నాట్లు పడ్డాయి. చుట్టూ బోరు మోటార్లన్నీ ఒక్కసారే నడుస్తుంటే కరెంటు ఉండీ లేనట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం మా వీధి మొదట్లోని ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో పేలింది. ఇంట్లో బల్బులు తెల్లగా వెలిగి పగిలిపోయాయి. కంప్యూటర్‌లోంచి కాలిన వాసన వచ్చింది. నిజామాబాదు తీసుకుపోతే దుకాణం అతను విప్పి చూసి, లోపల ఎన్ని డిస్కులున్నా అన్నీ మాడిపోయేవని చెప్పాడు. అత్తమ్మ మాట వినకపోతే ఏమయ్యేదో తలచుకుని అక్కడే నిలబడి ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను. కొత్త డిస్క్ వేయించి, ఆ మర్నాడే మద్నూరు బస్సెక్కాను.

వదిన ఇంట్లో లేదు, మహారాష్ట్ర సరిహద్దు అవతల దెగ్లూరులో ఏదో పెళ్లికి పోయి సాయంత్రం వస్తుందట. ఆమె భర్త, నేను అన్నయ్య అని పిలిచే మనిషి, అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సీడీలు కావాలన్నాను.

"ఏం సీడీలు చెల్లె?"

"మిఠాయి డబ్బాలో పెట్టి ఇచ్చాం కదా అన్నయ్యా, మాస్టారి పాఠాలు."

ఆయన చేతిలోని చెంబు అక్కడే పెట్టేశాడు. వదిన ఆ డబ్బాను బంగారంలా చీరల పెట్టె అడుగున దాచి, అందులో ఏముందో ఆయనకు చెప్పనే లేదు. రెండు రోజుల క్రితం పాస్‌బుక్కు కోసం పెట్టె వెతికితే ఈ తళతళలాడే బిళ్లలు కనిపించాయట. జొన్న కంకులు పాలు పోసుకుంటున్నాయి, పిట్టలు విడవడం లేదు, పక్క చేను మరాఠీ రైతు ఇలాంటివే కట్టి పిట్టలు రావడం లేదన్నాడు.

"ఒక్కటే కట్టిన చెల్లె. మంచిగ పనిచేస్తుందని రేపు తక్కినయి గూడ కడ్దామనుకున్న" అన్నాడు.

ఇద్దరం చేను దాకా దాదాపు పరుగెత్తాం. కర్రకు కట్టిన తాడు చివర గాలికి తిరుగుతూ ఎండలో మెరుస్తోంది. విప్పి చూస్తే గీతలు పడి, ఒక పక్క పూత పెచ్చులూడి ఉంది. నేను చేలోనే కూర్చుండిపోయాను. అన్నయ్య నా కంటే ముందే కూర్చున్నాడు. వయసులో నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, "బామ్మర్ది నోరు నేనే ఊడగొట్టిన" అని తల పట్టుకున్నాడు. ఆయన్ను ఓదార్చవలసి వచ్చింది గనుక నేను ఏడవలేదు. మిగిలిన పదీ క్షేమంగా ఉన్నాయి. మర్నాడు ఆయన కూడా నాతో వచ్చాడు. బాన్సువాడ వరకూ ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు, టికెట్టు తీసుకోవడానికి కూడా చెయ్యి వదలలేదు.

పోయినది త్రికోణమితి రెండో సగం. పరీక్షకు నెల రోజులుంది. కొత్త డిస్క్‌లోకి అన్నీ ఎక్కించి చూసుకుని, ఆ ఒక్క భాగం దగ్గర ఖాళీ కనిపించేసరికి మావారు లేచి లోపలికి వెళ్లారు. తర్వాత తన నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. నేను తప్పిన సబ్జెక్టు అది. నావల్ల కాదన్నాను. ఆయన నా మొహంలోకి చూస్తూ పుస్తకం తెరిచి, మొదటి వాక్యం కింద వేలు పెట్టారు.

ఆ ఆదివారం నేను చదివాను. ఆయన రాసింది ఆయన మాటలో, నేను చదివింది మా అమ్మా నాన్నల యాసలో. "గీ భుజం పొడుగెంతున్నది" అన్న మాట నా నోట్లో ఎలా పలికిందో గాని పిల్లలు ముసిముసిగా నవ్వారు. ఒకచోట గుర్తు తప్పు చదివితే సుద్దముక్క టక్కుమంది. మళ్లీ చదివాను. సగంలో ఒక పిల్లవాడు లేచి, "టీచర్, గా లైను ఎట్లొచ్చింది?" అన్నాడు. నన్ను టీచర్ అనడం అదే మొదలు. నాకేం తెలుసు! మావారి వైపు చూశాను. ఆయన గబగబా బోర్డు మూలన నాలుగు ముక్కలు రాశారు, నేను వాటిని చదివాను, వాడు ఇంకోటి అడిగాడు, ఆయన మళ్లీ రాశారు. ఇన్ని ఆదివారాలు పెట్టెలోంచి వచ్చిన గొంతును పిల్లలు ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయారని అప్పుడు తెలిసింది. ఆ రోజు పాఠం రెండు గంటలు ఎక్కువ సాగింది. మరుసటి ఆదివారం నేను కంప్యూటర్ తెరవబోతుంటే ఆయన వచ్చి స్విచ్చి ఆపేసి, నోటుపుస్తకం నా చేతికిచ్చారు.

ఆ ఏడు మా వరండా పిల్లల్లో లెక్కలు తప్పినవాళ్లు లేరు. నాకూ త్రికోణమితి వచ్చింది, ఇరవయ్యేళ్లు ఆలస్యంగా. తర్వాత ఆయన మెడకు ఆనించుకుని మాట్లాడే చిన్న యంత్రం సంపాదించి, నెలల తరబడి సాధన చేసి, బరబరమనే ఒకే స్వరంలో మాటలు కూర్చడం నేర్చుకున్నారు. ఉద్యోగ విరమణ దాకా దానితోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడూ పక్క గదిలో దానితోనే వార్తాపత్రికను తిడుతున్నారు.

ఆ పది సీడీలను మళ్లీ తీసింది మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు. నాన్న పాఠాలు వింటానని తనే అడిగింది. నేను ఎంతో సంబరపడి, మొదటిది పెట్టి, చాయ గురించీ బిడ్డ గురించీ ఆయన అడిగిన ఆ మొదటి మాటలు వినిపించాను. తన అరుపు విని నవ్వింది. ఆ తర్వాత కాసేపు విని, మర్యాదగా తల వంచుకుని, "మంచిగున్నది గని అమ్మా, ఇది నాన్న గొంతు లెక్క లేదు. ఎవరో సార్ చెప్తున్నట్టున్నది" అంది. అని లేచి, పుస్తకం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లింది. లోపలి నుంచి ఆ యంత్రపు స్వరం, దాని మీద అమ్మాయి నవ్వు వినిపించాయి. తన బిడ్డకు తనే చెప్పుకుంటానన్నాయన చెప్పుకుంటూనే ఉన్నారు.

ఈ రోజుల్లో ఏదీ ఎంచుకోనక్కర్లేదు. ఏ గొంతు ఉంచాలి, ఎంత కుదించాలి, ఎవరింట్లో దాచాలి అని వరండాలో కూర్చుని రెండు రోజులు వాదించుకునే ఇల్లు ఇప్పుడు ఉండదు. అంతా దానంతటదే ఎక్కడో చేరిపోతుంది, ఎక్కడో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు. ఆ వాదులాటలు లేకుండా పోయినందుకు నాకు బెంగగానే ఉంటుంది. మేమంత పాటుపడి దాచింది పాప కోసమని, పిల్లల కోసమని అనుకున్నాను. పాపకు అవసరం పడలేదు, పిల్లలు పాసై వెళ్లిపోయారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ మొదటి నిమిషం పెట్టుకుని, చాయ అయ్యిందా అని ఆ బొంగురు గొంతు అడిగితే, అయ్యిందని జవాబు చెప్పేది నేనొక్కదాన్నే.